కలల సినిమా, దొంగల వంశం

‘ఇన్‌సెప్షన్’లో కలలు మరీ శుభ్రంగా ఉంటాయి. ఎప్పుడో పోయిన తాతయ్య పరీక్ష హాల్లో పక్క బెంచీ మీద కూర్చుని ఉండడం, ఇల్లు సొంత ఇల్లే అయినా గుమ్మం దాటగానే వేరే ఊరు రావడం, పరుగెత్తాలంటే కాళ్లు కదలకపోవడం వంటి తికమకలు నిద్రపోయే ప్రతి మనిషికీ తెలిసినవే. క్రిస్టఫర్ నోలన్ సినిమాలో అవి దాదాపు కనిపించవు. వాన కురుస్తున్న నగరం, ఖరీదైన హోటలు, మంచుకొండ మీద కోట, తుపాకులు పేలుతున్నా సూటు నలగని మనుషులు మాత్రం ఉంటారు. 2010 జూలైలో సినిమా విడుదలైనప్పుడు గట్టిగా వినిపించిన ఆక్షేపణల్లో ఇదొకటి: ఇవి కలల్లా లేవు, సినిమాల్లా ఉన్నాయి.

ఆక్షేపణ సరైనదే. అయితే దాన్ని లోపంగా లెక్కకట్టే ముందు ఈ సినిమా ఏ వంశంలో పుట్టిందో చూడాలి. తెర మీద కల అనగానే విమర్శకుల చూపు కలల్లాంటి వింత బొమ్మలు గీసిన సర్రియలిస్టుల మీదికి మళ్లుతుంది. 1945లో హిచ్‌కాక్ తీసిన ‘స్పెల్‌బౌండ్’ కోసం సర్రియలిస్టు చిత్రకారుడు సాల్వడార్ డాలీ రూపొందించిన కలలో కళ్లు గీసిన తెరలను పెద్ద కత్తెరతో కోస్తారు, ముఖం లేని మనిషి చేతిలో వంకర చక్రం ఉంటుంది. అది ఆ దారికి చెందిన కల. నోలన్ అటు వెళ్లలేదు. ‘ఇన్‌సెప్షన్’ అన్నిటికంటే ముందు దొంగతనం సినిమాల బిడ్డ. అందులో కల అంటే కన్నం వేయాల్సిన ఇల్లు.

కథానాయకుడు డామ్ కాబ్ ఇతరుల కలల్లో దూరి రహస్యాలు కాజేసే దొంగ. సైటో అనే వ్యాపారి అతనికి ఈసారి తిరగేసిన పని అప్పగిస్తాడు. ప్రత్యర్థి సంస్థ వారసుడు రాబర్ట్ ఫిషర్ మనసులోంచి ఏదీ తీయనక్కర్లేదు, తండ్రి కట్టిన సామ్రాజ్యాన్ని ముక్కలు చేయాలన్న ఆలోచన నాటి వస్తే చాలు. నోలన్ సినిమాల్లో కాబ్ అనే దొంగ కనిపించడం ఇది మొదటిసారి కాదు. 1998లో అతి తక్కువ ఖర్చుతో నలుపు తెలుపుల్లో తీసిన తొలి చిత్రం ‘ఫాలోయింగ్’లోనూ ఒక కాబ్ ఉన్నాడు. అతడు ఇళ్లలో దూరేది సొమ్ము కోసం కన్నా, ఆ ఇంటివాళ్ల బతుకును చేత్తో తడిమి చూడడానికి. పన్నెండేళ్ల తర్వాత అదే పేరు, అదే వృత్తి. దూరే చోటు ఒక్కటే మారింది.

దోపిడీ సినిమాకు ఆయువుపట్టు పని జరిగే తీరు. జూల్స్ డాసిన్ 1955లో తీసిన ‘రిఫిఫీ’లో దాదాపు అరగంట పాటు మాట గానీ, సంగీతం గానీ లేకుండా నగల దుకాణాన్ని దోచుకుంటారు. పై అంతస్తు నేలకు చిన్న కన్నం వేసి, అందులోంచి మూసిన గొడుగును కిందికి దించి తెరుస్తారు. రాలే పెచ్చులు చప్పుడు చేయకుండా గొడుగులో పడతాయి. ఆ గొడుగును చూస్తున్నప్పుడు వీళ్లు దొంగలన్న సంగతి ప్రేక్షకుడు మరిచిపోయి పనితనానికి ముగ్ధుడవుతాడు. నోలన్ ఈ పనితనాన్ని మౌనంలోంచి మాటల్లోకి తెచ్చారు. ఆయన దొంగలు అదేపనిగా వివరిస్తూనే ఉంటారు. ఫిషర్‌ను విమానంలో నిద్రపుచ్చి అతడితో పాటు కలలోకి, ఆ కలలోని కలలోకి, దానిలోని మరో కలలోకి దిగాలి. విమానంలో పది గంటల నిద్ర మొదటి కలలో వారం, రెండో కలలో ఆరు నెలలు, మూడో కలలో పదేళ్లు. మామూలుగా అయితే కలలో చస్తే మెలకువ వస్తుంది, గట్టి మత్తులో ఉన్నప్పుడు చస్తే లింబో అనే అగాధంలో పడతారు. మరే రకం సినిమాలోనైనా ఇన్ని నియమాలు వల్లిస్తే జనం లేచిపోయేవారు. దోపిడీ సినిమాలో పథకం చెప్పడమే వినోదం కాబట్టి చెల్లింది. ముఠాలో కొత్తగా చేరిన అరియాడ్నీ పాత్ర ఉన్నది ముఖ్యంగా మన తరఫున ప్రశ్నలు అడగడానికే.

ఇన్ని నియమాల మధ్య నిజమైన కల వాసన తగిలే చోటు ఒకటుంది, అదీ హాస్యంగా. మొదటి కలలో కుండపోత వాన ఎందుకంటే, ఆ కల కంటున్న ముఠా సభ్యుడు యూసుఫ్ నిద్రలోకి జారే ముందు మూత్రవిసర్జనకు వెళ్లలేదు. ఇలాంటివి మరో నాలుగు ఉంటే సినిమా ఇంకా బాగుండేది.

మూడు కలలూ నిజానికి మూడు రకాల సినిమాలు. మొదటిది వ్యాన్ల వెంటపడే నగర థ్రిల్లర్, రెండోది మాటలతో బోల్తా కొట్టించే హోటల్ నాటకం, మూడోది జేమ్స్ బాండ్. ఈ మూడో దాని మూలం విషయంలో గుట్టేమీ లేదు. తనకు బాండ్ చిత్రాల్లో అన్నిటికంటే ఇష్టమైనది 1969 నాటి ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’ అని నోలన్ పలుమార్లు చెప్పారు. స్విట్జర్లాండ్‌లోని షిల్ట్‌హార్న్ శిఖరం మీది విలన్ స్థావరం, స్కీల మీద వెంటాడడం, తెల్లటి మంచులో దాడి అన్నీ అక్కడివే. నోలన్ వాటిని కెనడాలోని ఆల్బర్టా కొండల్లో మళ్లీ తీశారు. చాలామంది పోలిక ఇక్కడితో ఆపేస్తారు. కానీ బాండ్ చిత్రాలు ఎన్ని ఉన్నా నోలన్ అభిమానించిన ఆ ఒక్కదానికే ఒక ప్రత్యేకత ఉంది. అందులో బాండ్ పెళ్లి చేసుకుంటాడు, పెళ్లయిన రోజే భార్య ట్రేసీ కారులో తూటా తగిలి చనిపోతుంది, ఆమెను ఒళ్లో పెట్టుకుని అతడు మాట్లాడుతుండగా సినిమా అయిపోతుంది. భార్యను పోగొట్టుకున్న దొంగ కాబ్ కథకు మంచు కోట అక్కడి నుంచే రావడం వట్టి అలంకారంలా అనిపించదు. దోపిడీ సినిమాలు కావాలనే మనసును పైపైన తాకి వదిలేస్తాయని, కల గురించి తీసేటప్పుడు అది సరిపోదని గ్రహించాకే స్క్రిప్టు ఒక కొలిక్కి వచ్చిందని కూడా నోలన్ చెప్పారు.

ఇక హోటల్ నడవా. పదేళ్ల తర్వాత సినిమా మరిచిపోయినవారికి కూడా గుర్తుండే దృశ్యం అది. కాబ్ ముఠాలోని ఆర్థర్ పాత్రధారి జోసెఫ్ గోర్డన్-లెవిట్ తిరుగుతున్న నడవాలో గోడ మీది నుంచి పైకప్పు మీదికి, అక్కడి నుంచి మళ్లీ నేల మీదికి దొర్లుతూ పోట్లాడతాడు. దీనికి తాత 1951 నాటి ‘రాయల్ వెడ్డింగ్’. అందులో ఫ్రెడ్ ఆస్టెయిర్ ప్రేమ మైకంలో గోడలెక్కి, పైకప్పు మీద నృత్యం చేస్తాడు. గది మొత్తాన్ని తిరిగే చట్రంలో బిగించి, కెమెరాను ఆ గదికే బిగించారు. గదితో పాటు కెమెరా కూడా తిరుగుతుంది కాబట్టి తెర మీద గది కదలదు, మనిషే పైకి పాకినట్టు ఉంటుంది. నిజానికి ఆస్టెయిర్ పాదాలు ఎప్పుడూ చట్రం అడుగునే ఉన్నాయి. 1968 నాటి అంతరిక్ష చిత్రం ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ కోసం దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ ఇదే కిటుకును పారిశ్రామిక స్థాయికి తీసుకెళ్లారు. విమానాలు తయారుచేసే వికర్స్-ఆర్మ్‌స్ట్రాంగ్ సంస్థ చేత 38 అడుగుల వ్యాసం, 30 టన్నుల బరువున్న చక్రం కట్టించారు. అందులో వ్యోమగామి గుండ్రంగా పరుగు తీస్తాడు. నోలన్ బృందం ఇంగ్లండ్‌లోని కార్డింగ్‌టన్‌లో ఒకప్పుడు గాలినౌకలు నిలిపిన షెడ్డులో 100 అడుగుల నడవాను ఎనిమిది పెద్ద వలయాల్లో వేలాడదీసి, రెండు భారీ మోటార్లతో తిప్పింది. గోర్డన్-లెవిట్ వారాల తరబడి అభ్యాసం చేసి, దాదాపు మొత్తం పోరాటం తానే చేశాడు.

సాధనం ఒక్కటే, కారణాలే వేరు. ఆస్టెయిర్ గోడ ఎక్కడానికి ఆనందం తప్ప కారణం అక్కర్లేదు. కుబ్రిక్‌కు భౌతికశాస్త్రం కావాలి: చక్రం తిరిగితేనే అంతరిక్షంలో బరువు పుడుతుంది. నోలన్‌కు కథలోని మరో అంతస్తు కావాలి. పై కలలో వ్యాను దొర్లుతోంది, లోపల నిద్రపోతున్న ఆర్థర్ కూడా దొర్లుతున్నాడు, అందుకని అతడి కలలోని హోటలూ దొర్లుతోంది. ఒక నృత్య కిటుకు యాభై తొమ్మిదేళ్లలో ఇలా కార్యకారణ సంబంధంగా మారింది. సినిమాలో ఇంతకంటే అందమైన ఆలోచన లేదు. దాని పక్కనే పెద్ద చిల్లూ ఉంది. వ్యాను వంతెన మీది నుంచి గాలిలోకి దూకగానే హోటల్లో అందరూ బరువు కోల్పోయి తేలుతారు, మరి ఆ హోటల్లో తేలుతూ నిద్రపోతున్నవారి మూడో కలలో మంచు మాత్రం బుద్ధిగా కిందికే రాలుతుంది. నియమాల మీద బతికే సినిమాకు సొంత నియమమే ఎదురు తిరిగిన చోటు అది. అభిమానులు ఏళ్ల తరబడి దీనికి సమర్థనలు వెతుకుతున్నారు, ఏదీ అంతగా అతకదు.

కుబ్రిక్ నీడ అదే మంచు కోట లోపల మరోసారి పడుతుంది. ఇనప్పెట్టెలాంటి గది తలుపు ఫిషర్ తెరిస్తే మంచం మీద చావుకు దగ్గరైన తండ్రి ఉంటాడు. ‘2001’ చివర్లో ముసలివాడైన వ్యోమగామి బౌమన్ పడుకుని ఉన్న గది తలపుకొస్తుంది. తండ్రి పక్కనున్న పెట్టెలో చిన్నప్పటి కాగితపు గాలిచక్రం దొరుకుతుంది. ఇది ‘సిటిజన్ కేన్’లో కథానాయకుడు చిన్నప్పుడు ఆడుకున్న మంచుబండికి చుట్టం. అయితే 1941లో ఆర్సన్ వెల్స్ చూపించిన బండి ఒక నిజం, అది ఎవరికీ తెలియకుండానే కొలిమిలో కాలిపోతుంది. ఫిషర్ గాలిచక్రం తండ్రీకొడుకుల పాత ఫొటోలోంచి దొంగలు ఏరుకుని, పెట్టెలో దొరికేలా చేసిన నకిలీ. నకిలీని పట్టుకుని ఫిషర్ ఏడ్చే ఏడుపు మాత్రం అసలైనది. సినిమా హాల్లో ప్రేక్షకుడికి జరిగేదీ ఇదే కాబట్టి, ‘ఇన్‌సెప్షన్’ కలల గురించి కన్నా సినిమాల గురించి ఎక్కువ మాట్లాడుతోందన్న వాదనకు ఇంతకు మించిన ఆధారం వెతకనక్కర్లేదు.

మరో ఆధారం పారిస్ కాఫీ దుకాణం ముందు దొరుకుతుంది. ‘ఇక్కడికి ఎలా వచ్చామో గుర్తుందా?’ అన్న అర్థంలో కాబ్ అడిగితే అరియాడ్నీ జవాబు చెప్పలేదు. ప్రేక్షకుడూ చెప్పలేడు, ఎందుకంటే అంతకు ముందు దృశ్యం నుంచి ఇక్కడికి ఒక్క కట్‌తో వచ్చేశాం. కట్‌కూ కలకూ ఉన్న ఈ పోలికను బస్టర్ కీటన్ 1924లోనే పట్టుకున్నాడు. ‘షెర్లాక్ జూనియర్’లో ప్రొజెక్టర్ నడిపే కుర్రాడు నిద్రపోతాడు. అతడి కల రూపం లేచి, హాలు మధ్యలోంచి నడిచి, తెర లోపలికి ఎక్కేస్తుంది. లోపల దృశ్యాలు మారిపోతుంటాయి, అతడు మాత్రం అలాగే ఉంటాడు. బెంచీ మీద కూర్చోబోతే అది వీధి అయిపోతుంది, కొండ అంచు మీది నుంచి తొంగి చూస్తుంటే సింహాల మధ్య తేలతాడు, సముద్రంలో రాయి మీది నుంచి దూకితే మంచులో తలకిందులుగా దిగబడతాడు. ప్రతి కట్‌లోనూ మనిషి అదే బిందువులో ఉండేలా సర్వే పరికరాలతో కొలిచి మరీ తీశారు. పైగా ఆ కల కథ దొంగిలించిన ముత్యాల హారం గురించి. అంటే కలకూ దొంగతనానికీ తెర మీద పెళ్లి జరిగింది నోలన్ పుట్టడానికి 46 ఏళ్ల ముందు.

కీటన్‌కు అసలైన వారసుడు మాత్రం నోలన్ కాడు, సతోషి కోన్. జపాన్ దర్శకుడు కోన్ 2006లో యసుతాక సుత్సుయి నవల ఆధారంగా ‘పాప్రికా’ అనే యానిమేషన్ చిత్రం తీశారు. అందులో ఇతరుల కలల్లోకి వెళ్లే డీసీ మినీ అనే పరికరం చోరీ అవుతుంది. దాన్ని మానసిక చికిత్సకు వాడే డాక్టర్ చిబాకు కలలో పాప్రికా అనే మరో రూపం ఉంటుంది. ‘ఇన్‌సెప్షన్’ వచ్చినప్పటి నుంచి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి నోలన్ కాపీ కొట్టారనే వాదన ఆగలేదు. పోలికలు కాదనలేనివే. డిటెక్టివ్ కోనకావా పదేపదే కనే కలలో హోటల్ నడవా ఉంది, అది అతడి కాళ్ల కింద అలలా మెలికలు తిరుగుతుంది. అంతస్తుకో రకం సినిమా ఉన్న లిఫ్టు ఉంది, ఒక అంతస్తు దగ్గర అతడు జంకుతాడు. కాబ్ జ్ఞాపకాలూ లిఫ్టులోనే ఉంటాయి, అట్టడుగు అంతస్తులో భార్య చనిపోయిన హోటల్ గది ఉంటుంది. మరోవైపు కలల దొంగల గురించి నోలన్ దాదాపు 80 పేజీల కథాసంగ్రహం రాసింది 2000 దశకం మొదట్లో, ‘పాప్రికా’ తెర మీదికి రాకముందు. సినిమా కాదు గానీ, 2002లో డాన్ రోసా గీసిన డొనాల్డ్ డక్ లోకపు కామిక్ ఒకదానిలో కూడా దొంగల ముఠా స్క్రూజ్ మామ కలలో దూరి ఖజానా తాళం రహస్యం తెలుసుకోవాలని చూస్తుంది. బాతుల బొమ్మల కథకూ అందిన ఊహ కాబట్టి దాని మీద ఎవరి పేరూ రాసి పెట్టి లేదు.

కాపీ తగవు పక్కన పెడితే ఆసక్తి కలిగించేది తేడా. కోన్ కలలకు గోడలు నిలవవు. ఫ్రిజ్‌లు, వాయిద్యాలు వాయించే కప్పలు, బొమ్మలు, అదృష్టపు పిల్లులు బారులు తీరిన ఊరేగింపు ఒకరి కలలో మొదలై, ఇంకొకరి కలను మింగి, చివరికి టోక్యో వీధుల్లోకి వచ్చిపడుతుంది. నోలన్ సినిమాలో కల ఎప్పుడూ మెలకువలోకి ఒలకదు. అంతస్తులకు తాళాలు ఉంటాయి, గడియారాలు ఉంటాయి, లేపడానికి సంగీతం ఉంటుంది. కోన్ సినిమా అంటే ఉన్న ప్రేమను దాచుకోడు కూడా. కోనకావా తనకు సినిమాలు పడవంటాడు. అతడి కలలో సర్కస్, టార్జాన్, రైల్లో హత్యాయత్నం ఒకదానిలోంచి ఒకటి ఊడిపడతాయి, అచ్చం కీటన్ కలలోలాగే. కుర్రతనంలో స్నేహితుడితో కలిసి మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన సినిమా ఒకటి లోపల కుళ్లుతోందని తర్వాత తెలుస్తుంది. ఖాళీ థియేటర్‌లో అతడు జపాన్ దర్శకుడు అకీరా కురొసావాలా టోపీ, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, కెమెరా దాటకూడని గీత గురించి పాప్రికాకు పాఠం చెబుతాడు. నోలన్ మొత్తం సినిమాలో గుసగుసగా చెప్పినదాన్ని కోన్ ఆ ఒక్క దృశ్యంలో నవ్వుతూ చెప్పేశాడు. ‘ఇన్‌సెప్షన్’ విడుదలైన ఐదు వారాలకు, 2010 ఆగస్టు 24న, క్యాన్సర్‌తో కోన్ కన్నుమూశారు. వయసు 46.

‘డార్క్ సిటీ’, ‘ది మ్యాట్రిక్స్’, ‘ది థర్టీన్త్ ఫ్లోర్’ ప్రస్తావన కూడా ఇక్కడే రావాలి. 1998, 99ల్లో వరసగా వచ్చిన ఈ సినిమాలన్నిటిదీ ఒకటే అనుమానం: చుట్టూ ఉన్న లోకం అబద్ధమేమో. తన ఆలోచనకు నీరు పోసింది ఆ కాలమేనని నోలన్ ఒప్పుకున్నారు. అంతకు మించి చెప్పుకోవాల్సింది లేదు.

చెప్పుకోవాల్సింది అలెన్ రెనే 1961 చిత్రం ‘లాస్ట్ ఇయర్ ఎట్ మారియన్‌బాద్’ గురించి. అంతులేని నడవాలున్న విలాసవంతమైన హోటల్లో ఒకడు ఒకామెతో పోయిన ఏడాది మనం కలిశామని అంటాడు. ఆమె లేదంటుంది. అతడు వివరం మీద వివరం పేరుస్తూ పోతాడు, చివరికి ఆమెకూ గుర్తొస్తున్నట్టు అనిపిస్తుంది. తోటలో నిలబడ్డ మనుషులకు పొడవాటి నీడలు ఉంటాయి, చెట్లకు ఉండవు. హోటలు, అద్దాలు, ఎటూ తేలని కాలం చూసి విమర్శకులు నోలన్ అప్పు ఇక్కడిదేనని తేల్చారు. ఆయన మాత్రం ‘ఇన్‌సెప్షన్’ తీశాకే ఆ సినిమా చూశానని, చూసి ఉలిక్కిపడ్డానని, దాన్ని అనుకరించిన సినిమాలను తాను అనుకరించి ఉంటానని న్యూయార్క్ టైమ్స్‌కు చెప్పారు. నమ్మదగిన మాటే. సినిమాల ప్రభావం చాలావరకు ఇలా మూడో చేతి మీదుగానే వస్తుంది. విచిత్రం ఏమిటంటే నడవాల కన్నా లోతైన పోలికను విమర్శకులు అంతగా పట్టించుకోలేదు. ‘మారియన్‌బాద్’లో జరిగేది కూడా నాటడమే. అక్కడ యంత్రం లేదు, మత్తు లేదు, ఒక మగవాడి ఎడతెగని గొంతు మాత్రమే ఉంది. కాబ్ తన భార్య మాల్ మనసులో ‘ఇది నిజమైన లోకం కాదు’ అన్న అనుమానం నాటి ఆమె చావుకు కారణమైన కథకు నిజమైన జంట ఇదే.

మాల్ దగ్గరికి వచ్చేసరికి మరో పెద్ద పూర్వీకుడు ఎదురవుతాడు. రష్యన్ దర్శకుడు తర్కోవ్‌స్కీ 1972లో తీసిన ‘సొలారిస్’లో అంతరిక్ష కేంద్రం చేరిన కెల్విన్‌కు, పదేళ్ల కిందట ఆత్మహత్య చేసుకున్న భార్య హరీ నిద్ర లేచేసరికి ఎదురుగా కనిపిస్తుంది. కింద ఉన్న సముద్రం అతడి జ్ఞాపకంలోంచి ఆమెను తయారుచేసింది. ఆమె దుస్తులు విప్పబోతే వీపు మీది ముడులు వట్టి అలంకారం, గౌను ఎక్కడా తెరుచుకోదు. కత్తెరతో కోయాల్సి వస్తుంది. గౌను ఎలా ఉంటుందో జ్ఞాపకానికి తెలుసు, ఎలా విప్పాలో తెలియదు. జ్ఞాపకానికి అసలు మనిషి అందదని చెప్పడానికి కాబ్‌కు ఒక సంభాషణ కావాల్సివచ్చింది: మాల్ నీడతో నువ్వు అసలైన ఆమెకు సరితూగవని అంటాడు. తర్కోవ్‌స్కీకి ఒక జత కత్తెర చాలింది. అంతకంటే పెద్ద తేడా తర్వాత వస్తుంది. హరీ నకలుగా మొదలై, తాను నకలునని తెలుసుకుని, బాధపడి, చివరికి తన అంతాన్ని తానే నిర్ణయించుకునేంత మనిషిగా ఎదుగుతుంది. మాల్‌కు ఆ అవకాశం లేదు. ఆమె ఎప్పుడు వచ్చినా పథకాన్ని చెడగొట్టడానికే వస్తుంది, అంటే దోపిడీ సినిమాలో ముఠాలోని ద్రోహి పాత్ర. మారియన్ కోటియార్ కళ్లు ఆ పాత్రకు ఎంత దిగులు తెచ్చిపెట్టినా, స్క్రిప్టు ఆమెను అడ్డంకి స్థాయి దాటనివ్వదు. వంశం ఇక్కడ వరం కాదు, బరువు.

ఆ వంశ లక్షణం ముగింపులో మరీ స్పష్టంగా బయటపడుతుంది. ‘సొలారిస్’ చివర కెల్విన్ తండ్రి ఇంటికి వస్తాడు, ఇంటి లోపల వాన పడుతుంటుంది, కెమెరా పైకి లేచి ఆ ఇల్లు సముద్రంలో ఒక ద్వీపమని చూపిస్తుంది. ఇది ఇల్లా, కాదా అన్న దానికి తర్కోవ్‌స్కీ జవాబు ఇస్తాడు, ఓదార్పు ఇవ్వడు. నోలన్ పద్ధతి దీనికి ఎదురు. కాబ్ ఇంటికి చేరి బల్ల మీద బొంగరం తిప్పుతాడు, అది పడితే మెలకువ, పడకపోతే కల. పిల్లల ముఖాలు కనిపించగానే అటు వెళ్లిపోతాడు. బొంగరం కాస్త తడబడినట్టు ఉండగానే తెర నల్లబడుతుంది. దీని మీద తత్త్వశాస్త్రం చాలానే రాశారు గానీ, దొంగతనం సినిమాలు చూసినవారికి ఈ ప్రశ్న పాతదే: ఇంతకీ సొమ్ము దక్కిందా? ఇక్కడ సొమ్ము పిల్లల ముఖాలు. కుబ్రిక్ 1956లో తీసిన ‘ది కిల్లింగ్’లో పెట్టె తెరుచుకుని నోట్లన్నీ విమానాశ్రయంలో గాలికి ఎగిరిపోతాయి. 1969 నాటి ‘ది ఇటాలియన్ జాబ్’ అంతకంటే కొంటెగా ముగుస్తుంది. ఆల్ప్స్ కొండ అంచున బస్సు సగం గాలిలో వేలాడుతుంటుంది, ఒక కొసన బంగారం, రెండో కొసన దొంగలు. ముఠా నాయకుడు తనకో ఉపాయం తట్టిందంటాడు, సినిమా అక్కడే ఆగిపోతుంది. ఆ నాయకుడు మైకేల్ కెయిన్. నలభై ఒక్క ఏళ్ల తర్వాత లాస్ ఏంజెలిస్ విమానాశ్రయంలో కాబ్‌కు ఎదురొచ్చి, పిల్లలూ బొంగరమూ ఉన్న ఆ ఇంటికి తీసుకెళ్లే మామగారు కూడా ఆయనే.